ఒక లారీ ఆత్మకథ

నేను వినుకొండ లారీని. కంపెనీ నుంచి ఇంజనూ చాసీ మాత్రమే వచ్చాయి. నా కేబిన్ విజయవాడ ఆటోనగర్‌లో కట్టారు. చెక్క ఫ్రేము మీద పలచటి రేకు కొట్టి, లోపల రెగ్జిన్ అంటించారు. రెంటచింతల ఎండలు తెలిసిన మేస్త్రీలు వాళ్లు. గాలి ఎటునుంచైనా రావాలన్నదే వాళ్ల ధ్యాస. వేసవిలో వాళ్లు వదిలిన సందులే నా వాళ్ల ప్రాణం నిలబెడతాయి. పుష్యమాసంలో గ్వాలియర్ దాటాక వాటిలోంచే చలి లోపలికొస్తుంది.

కొండమీది రామలింగేశ్వరుడికి కిందనుంచే దణ్ణం పెట్టుకుని బయల్దేరతాం. గుంటూరులో మిర్చి టిక్కీలు ఎత్తి, హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఆ తర్వాత ఢిల్లీ. మా ఊళ్లో సంక్రాంతి ముగ్గులు వేసే రోజుల్లో అక్కడ రాత్రిపూట 4, 5 డిగ్రీలకు పడిపోతుంది. పొగమంచు కమ్మితే ముందు బండి ఎర్రలైటు కూడా కనపడదు. ధాబా పక్కన ఆగిపోవాల్సిందే. అప్పటినుంచి డ్రైవరుకీ క్లీనరుకీ ఇల్లంటే నేనే.

నా ఇంజను రెండు సీట్ల మధ్యే ఉంటుంది, పైన బానెట్. ఎండాకాలం దాన్ని తిట్టనివాళ్లు లేరు. చలికాలం మాత్రం బండి ఆపాక కాసేపు అదే వాళ్ల పొయ్యి. తడిసిన మేజోళ్లు దానిమీదే ఆరతాయి, అన్నం గిన్నె దానిమీదే వెచ్చగా ఉంటుంది. అర్ధరాత్రికల్లా ఆ ఇనుము చల్లబడిపోతుంది.

ఒక రాత్రి క్లీనరు కుర్రాడు వణుకుతూ, "రాత్రంతా ఇంజను ఆడనిద్దాం బాబాయ్" అన్నాడు. "డీజిలు పోతే పోద్ది. నిలబడ్డ బండి పొగ లోపలికి తిరుగుద్దిరా" అన్నాడు డ్రైవరు. కుర్రాడు ఊరుకోలేదు. ధాబావాళ్లనడిగి రేకు డబ్బాలో నిప్పులు తెచ్చి నా లోపల పెట్టాడు. డ్రైవరు దిగ్గున లేచి, గుడ్డతో ఆ డబ్బా పట్టుకుని కిందకి దిగి, దూరంగా పెట్టొచ్చాడు. "చలికి చావం రా అబ్బాయ్, దీనికి చస్తాం."

ఆయన మాట అక్షరాలా నిజం. మూసిన కేబిన్లో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి మెలకువే రాదు. కొత్తగా బండెక్కే ప్రతి కుర్రాడికీ గేర్ల కంటే ముందు ఈ సంగతి చెప్పాలి.

మరి వెచ్చగా ఉండేదెలా? మా డ్రైవరు పద్ధతి నేను రోజూ చూస్తాను. ముందు పడక కింద అట్టముక్కలు, వాటిమీద గోనెసంచులు, ఆ పైన బొంత. వెన్ను కిందనుంచి వచ్చే చలి ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా ఆగదంటాడు. తలుపు సందుల్లో పాత పట్టా ముక్కలు కుక్కుతాడు. ముందు అద్దానికి రగ్గు వేలాడదీస్తాడు. చెమట పట్టిన బనియను మార్చందే కుర్రాణ్ణి పడుకోనివ్వడు. ఒక పక్క అద్దం మాత్రం రెండు వేళ్ల మందం దించే ఉంచుతాడు. లేదంటే ఇద్దరి ఊపిరి తేమ అద్దాలకు పట్టి, తెల్లారేసరికి పక్కమీద బొట్లు పడతాయి. తడిసిన దుప్పటి అసలు దుప్పటే కాదు. పైగా అద్దం పూర్తిగా మూస్తే మిర్చి ఘాటుకి తుమ్ములు. ఆయన కప్పుకునేది వాళ్ల నాన్న వాడిన నల్ల గొంగళి. ఉన్ని కాబట్టి కాస్త చెమ్మగిల్లినా వెచ్చదనం వదలదు.

చలిదేశాల లారీల్లో ఇంజను ఆపినా పనిచేసే డీజిల్ హీటర్లుంటాయి. వాటి పొగగొట్టం బయటికే ఉంటుంది. మన దేశంలో 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. ఎండకు మాడే డ్రైవర్లకు ఎప్పుడో దక్కాల్సిన సుఖం అది. కానీ నాలాంటి రేకు కేబిన్ లారీలు ఇంకా చాలా ఏళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

మొన్న మా డ్రైవరు ఓనరుకి ఫోన్ చేశాడు. ఈసారి బాడీ పనికి ఆటోనగర్ వెళ్లినప్పుడు రేకుకీ రెగ్జిన్‌కీ మధ్య మందపాటి ఫెల్టు వేయిద్దామన్నాడు. ఎంతవుద్దని అడిగాడు ఓనరు. మేస్త్రీని కనుక్కుని చెప్తానన్నాడు మావాడు.