డ్రైవర్ వేషం

ఉక్కునగరం నుంచి అరకుకి ఒకే వ్యానులో బయల్దేరిన ఉమ్మడి కుటుంబం కథ అది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో వ్యాను మొరాయిస్తుంది. అక్కణ్ణుంచి నవ్వులే నవ్వులు. ఆ సినిమాకి విశాఖ ద్వారకానగర్‌లో ఆడిషన్లు పెడితే, మా పక్కింటి పెద్దాయనకి తోడుగా వెళ్ళాను. కుర్రతనంలో పరిషత్తు నాటకాలాడిన మనిషి. ఒక్కసారైనా తెరమీద కనబడాలని ఆయన కోరిక.

దర్శకుడు కుర్రాడు, మర్యాదస్థుడు. కథ చక్కగా చెప్పాడు. వింటుంటే నాకే మనసు చివుక్కుమంది. వ్యానులో అందరిదీ సినిమా తెలుగు, మన ఉత్తరాంధ్ర యాస డ్రైవరొక్కడిదే. నవ్వించాల్సిందీ అతనే. అరకులో థింసా ఆడే ఆదివాసీ ఆడవాళ్ళకైతే ఆ మాత్రం మాట కూడా లేదు, హీరోయిన్ వెనకాల అడుగులు కలపడమే.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం వైపు మనిషి. గురజాడ ‘కన్యాశుల్కం’ రాసింది విజయనగరంలో. అలాంటి చోటి మాట తెరమీదికి వచ్చేసరికి పనివాళ్ళ మాటగా, నవ్వులాటగా మిగిలింది. 2018లో వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు ఆ పేట జనమే నటులయ్యారు. మన మాటతోనే ప్రేమించారు, కన్నీళ్ళు పెట్టించారు. రాష్ట్రమంతా చూసి మెచ్చుకుంది. ఇక మారుతుందనే నేను నమ్మాను, ఇప్పటికీ ఆ ఆశ పోలేదు.

పెద్దాయన చేతికి డ్రైవర్ డైలాగు కాగితం ఇచ్చారు.

“ఏటి బావూ, అలగ సూస్తన్నారు? బండి సెడిపోలేదు, కొండెక్కి అలిసిపోనాది. దానికీ పేణముంటాది కదేటి!”

గది గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. “తండ్రి వేషం కూడా ఓసారి సదవనిస్తారా?” అని అడిగాడు. ఇల్లమ్మేసి తనతో అమెరికా వచ్చెయ్యమన్న కొడుక్కి తండ్రి జవాబు చెప్పే ఘట్టం అది. కాగితంలో ఉన్న మాటల్ని ఆయన తన నోటికి తెచ్చుకున్నాడు.

“ఈ ఊరొగ్గీసి నాను రాలేనురా. సముద్రం గాలి తగలకపోతే నాకు నిద్దరట్టదు.”

అంతవరకూ ఏదో రాసుకుంటున్న అసిస్టెంటు అమ్మాయి కలం ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. దర్శకుడు కూడా కాసేపు ఏమీ అనలేదు.

“చాలా బాగా చేశావు పెద్దాయనా. కానీ ఆ తండ్రి స్టీల్‌ప్లాంటులో డీజీఎం. డీజీఎం ఈ యాస మాట్లాడితే జనం నమ్మరు. ఆ వేషానికి హైదరాబాదు నుంచి సీనియర్ నటుణ్ణి మాట్లాడుకున్నాం. డ్రైవర్ వేషానికైతే నీ అంత సహజంగా ఉండేవాడు మాకు దొరకడు.”

పెద్దాయన వాదించలేదు. ఫారం నింపి ఇచ్చాడు. అమ్మాయి పేరు చదివింది, వయసు చదివింది. తర్వాతి గడి దగ్గర గొంతు తగ్గించింది.

“వృత్తి... విశ్రాంత డిప్యూటీ జనరల్ మేనేజర్, బ్లాస్ట్ ఫర్నేస్ విభాగం, విశాఖ ఉక్కు.”

దర్శకుడు చటుక్కున లేచి నిలబడ్డాడు. పెద్దాయన నెమ్మదిగానే చెప్పాడు. “1990లో గోదావరి ఫర్నేసు మొదలెట్టినప్పుడు నానక్కడే ఉన్నాను బాబూ. మీటింగులోనైనా ఇంట్లోనైనా నాది ఇదే మాట.”

దర్శకుడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మొహంలో నిజమైన సంతోషం.

“క్షమించండి సార్! మీరు దొరకడం మా అదృష్టం. ఒక్క సాయం చేసిపెట్టండి. హైదరాబాదు నుంచి వచ్చే ఆయనకి డీజీఎం అంటే ఎలా ఉంటాడో, ఎలా మాట్లాడతాడో మీరే దగ్గరుండి నేర్పాలి. డ్రైవర్ వేషం ఎలాగూ మీదే సార్.”