తెరగా నిలబడ్డ రాత్రి

నేనొక తెల్ల దుప్పటిని. జగ్గయ్యపేటలో ఓ తల్లి నన్ను కొడుకు మంచం మీదికని కొంది. ఆ ఏడే మిరప కోతలొచ్చాయి. కళ్లంలో కాయలు మూట కట్టడానికి నన్నూ లాక్కెళ్లారు. అప్పుడంటిన ఎర్ర మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. పిల్లాడు డిగ్రీకని నందిగామ హాస్టల్లో చేరాడు. ఫీజు కోసం తల్లి దిద్దులు తాకట్టుకి వెళ్లాయి, నేను అతని పెట్టెలోకి వెళ్లాను.

ఓ సాయంత్రం కాలేజీలో 'బైసికిల్ థీవ్స్' వేస్తామన్నారు. తెర లేదు. "తెల్ల దుప్పటి ఎవరి దగ్గరుందిరా?" అని సారు అడిగితే మావాడు చెయ్యెత్తాడు. నల్లబల్ల పైన నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి నన్ను బిగించారు.

సినిమా మొదలయ్యే ముందు సారు చెప్పారు: డిసీకా 1948లో తీశాడు, రాసినవాళ్లలో జవట్టీని ముఖ్యుడు. యుద్ధంలో చితికిపోయిన రోము వీధుల్లోనే చాలామట్టుకు తీశారు. తండ్రిగా వేసిన మాజొరాని అసలు నటుడే కాదు, కార్ఖానా కార్మికుడు. 1950లో లండన్లో ఈ సినిమా చూశాకే సత్యజిత్ రాయ్‌కి 'పథేర్ పాంచాలి' అలా తీయొచ్చన్న ధైర్యం వచ్చిందట.

దీపాలార్పారు. నా నూలు పోగుల మీద రోము లేచింది. నలుపూ తెలుపూ ఆకాశంలో ఎరుపంటే నా మిరప మరకొక్కటే.

సినిమాలో తండ్రి ఆంటోనియోకి గోడల మీద పోస్టర్లంటించే పని దొరికింది. దానికి సైకిలుండాలి. సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగేసింది. ఆరు దుప్పట్లు! కుదువ కొట్టులో ఒకడు ఆ మూట పట్టుకుని అరలెక్కుతున్నాడు. పైకి, ఇంకా పైకి. కప్పుదాకా దుప్పట్ల మూటలే. ఎన్నిళ్ల మంచాలు బోసిపోయి ఉంటాయో! నా ఒంటి మీదే నా జాతి తాకట్టు పడుతుంటే గాలి లేకుండానే వణికాను. మూడో బల్లలో మావాడు తల దించుకున్నాడు. వాడికి గుర్తొచ్చినవి దిద్దులని నాకు తెలుసు.

శనివారం చిల్లకల్లు మీదుగా బస్సులో ఇంటికొచ్చాం. తల్లి నన్ను నీళ్లలో ముంచుతూ, "ఈ చిల్లులేంట్రా?" అంది.

"సినిమా వేశామమ్మా, దీని మీద."

కథంతా చెప్పాడు. సైకిలు పోవడం, తండ్రీకొడుకులు రోమంతా తిరగడం, చివరికి తండ్రే ఇంకొకరి సైకిలెత్తుకుపోబోయి దొరికిపోవడం, పిల్లాడు వచ్చి తండ్రి చెయ్యి పట్టుకోవడం. పిండబోతున్నదల్లా ఆగి అంతా వింది.

"మరి ఆవిడ దుప్పట్లు? విడిపించుకున్నారా?"

"అది చూపించలేదమ్మా."

ఆమె నన్ను గట్టిగా పిండి, రెండు చేతులతో దులిపి, తీగె మీద ఆరేసింది.