అమెరికా వీసా ఫొటో కుదింపు: ఏడు అమూల్య సలహాలు

శంషాబాద్ విమానాశ్రయానికి రెండు కార్ల నిండా వెళ్లే కుటుంబాల్లో విమానం ఎక్కేవాడి కంటే దిగబెట్టే వాళ్లకే వీసా సంగతులు ఎక్కువ తెలుసు. డీఎస్-160 ఫారం నింపేటప్పుడు వాళ్లిచ్చే సలహాల సారం ఇది. ఫారం అడిగే ఫొటో చాలా మామూలుది: జేపీజీ ఫైలు, చతురస్రం, ఒక్కో పక్క 600 నుంచి 1200 పిక్సెళ్లు, బరువు 240 కేబీ లోపు. ఇంత తేలిక పనిని తగినంత కష్టంగా మార్చుకునే పద్ధతి చూడండి.

1. ఉన్నవాటిలో అందమైన ఫొటో ఎంచుకోండి

ఆర్నెల్ల లోపు తీసింది కావాలి, వెనకాల తెల్లగా ఉండాలి అంటారు. అమ్మపల్లి గుడి దగ్గర తీయించుకున్న ప్రీ వెడ్డింగ్ ఫొటో ఉండగా తెల్లగోడ దేనికి? సినిమాలు తీసిన చోటది! తల ఎత్తు మొత్తం ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలన్న నియమానికి లొంగితే గోపురం ఎగిరిపోతుంది. కూలింగ్ గ్లాసులు కూడా తీయకండి. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు వద్దన్నది చూపు ఆనని వాళ్ల గురించి. మీవి స్టైలు కోసం పెట్టుకున్నవి కదా.

2. వాట్సాప్‌లో నాలుగిళ్లు తిప్పండి

మీరు బావగారికి పంపండి. ఆయన దాన్ని గ్యాలరీలోకి దింపుకుని వదినకు, ఆమె నెట్ సెంటర్ తమ్ముడికి మళ్లీ పంపాలి. ఎక్కించిన ప్రతిసారీ వాట్సాప్ ఫొటోను ఇంకాస్త కుదిస్తుంది, అదీ పైసా తీసుకోకుండా. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు చేరిపోతుంది. అందులో బంధువుల ప్రమేయమే ఉండదు.

3. కత్తిరించకండి, నొక్కేయండి

సెల్ఫీ 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. పైనా కిందా కత్తిరిస్తే చతురస్రం వస్తుంది. కానీ డబ్బు పెట్టి కొన్న ఫోన్ పిక్సెళ్లను పారేస్తామా? కొలతల నిష్పత్తిని కాపాడే తాళం గుర్తు తీసేసి రెండు గళ్లలోనూ 600 కొట్టండి. ఎత్తుతో పోలిస్తే ముఖం వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. అక్కడి పిజ్జాలు తిన్నాక ఎలా తయారవుతారో ఆఫీసరుకు ముందే తెలుస్తుంది.

4. పిక్సెళ్ల జోలికి పోకుండా బరువు మాత్రం దించండి

జేపీజీ పద్ధతి బొమ్మను 8కి 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కన్ను పట్టించుకోని సూక్ష్మాలను వదిలేస్తుంది. దీనికి ఆధారమైన గణితాన్ని 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి ప్రచురించిన మూడో వ్యక్తి కె.ఆర్. రావు, అంటే కామిశెట్టి రామమోహనరావు. కంటికి ఆననిది తీసేయడం జేపీజీ ఉద్దేశం. మీరు ఆనేది కూడా తీయించండి.

1.2 కోట్ల పిక్సెళ్ల ఫొటో ముడిరూపంలో 36 ఎంబీ. కొలతలు తగ్గించకుండా క్వాలిటీ మీటను మాత్రమే లాగి దాన్ని 240 కేబీలో కూరితే 150 రెట్ల కుదింపు. నిబంధన ఒప్పుకునేది 20 రెట్లే. బుగ్గల మీద గళ్లు తేలతాయి, గళ్ల చొక్కా వేసుకున్న వాళ్లకు మ్యాచింగ్ కూడా. చాదస్తులు ముందుగా 600కి 600 చేసుకుంటారు. అప్పుడు ముడి బరువు 1080 కేబీ, 20 రెట్లు కుదించినా 54 కేబీ. ఆ 54కీ 240కీ మధ్య ఎక్కడో ఒకచోట ఆగిపోతారు.

5. కుదించిందాన్నే మళ్లీ కుదించండి

మొదటిసారి 290 కేబీ వచ్చిందా? అసలు ఫొటో తీసిపారేసి ఆ 290నే తెరవండి. 260 వస్తే దాన్నే తెరవండి. సేవ్ చేసిన ప్రతిసారీ జేపీజీలో కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. ఎప్పటికప్పుడు అసలు ఫొటో నుంచి మొదలుపెట్టే వాళ్లు ఒక్కసారే కుదించి ఇంటికి పోతారు. నెట్ సెంటర్‌లో వాళ్లకు పరిచయాలు పెరగవు.

6. చిన్నదైతే సాగదీయండి, తేడా ఉంటే పేరు మార్చండి

పాత ఐడీ కార్డు మీది ఫొటో 150 పిక్సెళ్లే ఉందా? 600కి సాగదీయండి. ఒక్క పిక్సెల్ ఉన్న చోట 16 నిలబడతాయి, 15 సాఫ్ట్‌వేర్ ఊహే. కొత్త ఐఫోన్లు తీసే హెచ్ఈఐసీ ఫైలు ఫారానికి ఎక్కకపోతే చివర జేపీజీ అని రాసేయండి. లోపలి సరుకు మారకపోయినా పేరు మారింది కదా!

7. ఫారం తెరిచాకే ఫొటో గురించి ఆలోచించండి

20 నిమిషాలు కదలిక లేకపోతే ఆ పేజీ మూసుకుపోతుంది. అందుకే అప్లికేషన్ ఐడీ రాసుకోవద్దు. రాసుకుంటే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది, ఉత్కంఠ చచ్చిపోతుంది. అమెరికా విదేశాంగ శాఖే ఉచితంగా పెట్టిన ఫొటో కత్తిరించే టూల్‌నూ నమ్మకండి, ఊరికే వచ్చేది మంచిదెలా అవుతుంది? చిలుకూరులో 11 ప్రదక్షిణలు పూర్తిచేశాక పిక్సెళ్లు లెక్కపెట్టడమంటే బాలాజీని అనుమానించడమే.

ఇన్ని చేశాక కన్ఫర్మేషన్ పేజీలో మీ ముఖం ఉండాల్సిన గడిలో ఇంటూ గుర్తు పడవచ్చు. ఫొటో ఎక్కలేదు, రెండంగుళాల ప్రింటు వెంట తెచ్చుకోమని దాని అర్థం. తీసుకెళ్లకండి. నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఆ కన్ఫర్మేషన్ కాగితం ఎంతమంది చూసినా, ముఖమే లేదు కనుక మీకు దిష్టి తగలదు.