అసలు అమ్మే ఉద్దేశం లేదండీ

గోదావరి జిల్లాల్లో పాత డాబా, దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో టార్పాలిన్ కింద బొద్దుగా ఒక ఆకారం కనబడితే ఆ ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడకండి. మీరు దారి అడగడానికే ఆగి ఉండొచ్చు. లోపల్నించి వచ్చే పెద్దమనిషి మాత్రం మిమ్మల్ని కొనడానికొచ్చిన పార్టీ కిందే జమకడతాడు. "అసలు అమ్మే ఉద్దేశం లేదండీ" అంటూనే టార్పాలిన్ ముడి విప్పుతాడు.

ఈయన తాతగారి కారుకి వారసుడు. సొంత పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఊరంతా ల్యాండ్‌మాస్టర్ గారంటుంది. ఇలాంటివాళ్ళు తెనాలిలో ఫియట్ గారిగా, నెల్లూరులో స్టాండర్డ్ హెరాల్డ్ గారిగా కూడా దొరుకుతారు. బండి మారుతుంది గాని బాణీ మారదు.

బండి 1956 నాటి హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్. ఇంగ్లండువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2ని కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మనవాళ్ళు తయారుచేస్తే దానికి పెట్టుకున్న పేరు. ఆ తర్వాత అదే ఫ్యాక్టరీనుంచి అంబాసిడర్ వచ్చి 2014 దాకా నడిచింది. ఇవన్నీ మీకు తెలిసినా తెలియనట్టుండడమే క్షేమం. పొరపాటున "అంబాసిడరాండీ?" అన్నారో, "అంబాసిడర్‌కి అన్నగారండీ ఇది!" అని మొదలుపెట్టి బంపరు దగ్గర్నించి డిక్కీ దాకా నడిపిస్తాడు. కాఫీ వస్తుంది. వస్తే ఇక ఇప్పట్లో కదల్లేరని అర్థం.

మొన్నమొన్నటిదాకా ఈ బండి ఇంట్లోవాళ్ళకి అడ్డం. వెనక సీట్లో కోడి పొదిగేది, ముందు సీట్లో ఎండుకొబ్బరి ఉండేది. పాత ఇనుంవాడికి వేసెయ్యమని వాళ్ళావిడ పోరు. అంతలో 2022 మేలో జర్మనీలో ఒక మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారు వేలంలో 13.5 కోట్ల యూరోలు పలికిందని వార్త వచ్చింది. మన డబ్బుల్లో వెయ్యి కోట్ల పైమాట. మనవాడు వార్త చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కారు తయారైన సంవత్సరం దగ్గర వేలు ఆగింది. 1955.

"మనది యాభై ఆరు. ఒక్క ఏడాదే తేడా" అన్నాడు భార్యతో.

ఆ బాపతు మెర్సిడెస్‌లు లోకం మొత్తమ్మీద రెండే తయారయ్యాయని ఆ వార్తలోనే రాశారు. దాని మీద నుంచి కన్ను నున్నగా జారిపోయింది. ఆ సాయంత్రమే కోడికి వేరే చోటు చూశారు. అప్పట్నించీ ఆ వార్త ఫోనులో భద్రంగా ఉంది. ఎవరైనా ధర విని నవ్వితే, తీసి చూపించడానికి.

వెయ్యి కోట్లు అడిగేంత అమాయకుడు కాడు లెండి. ఆయన లెక్క ఆయనకుంది. తాతగారు ఈ కారు కొన్న డబ్బుతో ఆ రోజుల్లో మెయిన్‌రోడ్డు పక్కన నాలుగెకరాలు వచ్చేవి. రాలేదు, కారొచ్చింది. ఇవాళ ఆ నాలుగెకరాల్లో కల్యాణ మండపం, పెట్రోలు బంకు, ప్లాట్లు లేచాయి. కాబట్టి వాటి విలువెంతో కారు విలువ అంత. ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్ళు దీన్ని కాదనొచ్చు. కాని మా వైపు ప్రతి ఇంట్లోనూ ఇలా కొనకుండా వదిలేసిన పొలం ఒకటుంటుంది. దాని రేటు కొన్న పొలం కంటే ఎప్పుడూ ఎక్కువే. ఈ కారు ధరకి పైన చరిత్ర చార్జీలు వేరే. ఊళ్ళో మూడు తరాల పెళ్ళికొడుకులు ఇందులోనే ఊరేగారు. రామారావుగారు ప్రచారానికొచ్చినప్పుడు ఈ కారే ఎక్కారు. "ఆయన చైతన్య రథం షెవర్లే వ్యాను కదండీ?" అన్నారనుకోండి, "అది దిగి ఇదెక్కారు" అంటాడు.

హైదరాబాదు వెళ్ళినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి 1912 రోల్స్ రాయిస్ చూసొచ్చాడు. పసుపు రంగుది, లోపల సింహాసనంలాంటి సీటున్నది. అది మొత్తం జీవితంలో నాలుగొందల మైళ్ళు కూడా తిరగలేదని ఎవరో చెప్తే తృప్తిగా తలూపాడు. "మనదీ అంతేగా. పదిహేనేళ్ళుగా గజం కదల్లేదు."

ఒక ఆదివారం పాతబళ్ళ సంగతి నిజంగానే తెలిసిన కుర్రాడొకడు హైదరాబాదు నుంచి దిగాడు. కాఫీ వద్దన్నాడు, అక్కడే తేడా తెలిసింది. పెళ్ళికొడుకుల గురించి వినలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపు కింది అంచుకి ఆనించాడు. అది టప్పున కింద పడింది. ఇంకోచోట ఆనించాడు, అక్కడా పడింది.

"లప్పం బాగా పెట్టారండీ."

"రంగు వేసినప్పుడు కాస్త నునుపు కోసమనీ..."

"కింద రేకుందాండీ అసలు?"

బానెట్ ఎత్తించి, ఛాసిస్ నెంబరు రాసుకుని, ఇంజన్ వైపు చూసి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అది మాటడార్ వ్యాను డీజిల్ ఇంజన్. ఎనభైల్లో పెట్రోలు ఖర్చు భరించలేక తాతగారు దగ్గరుండి చేయించిన మార్పిడి. ఆ రోజుల్లో చాలామంది చేశారు. "లీటరుకి ఎంతిచ్చేదో తెలుసాండీ!" అని మనవడు ఈ ముక్కని గొప్పగానే చెప్పాడు. కుర్రాడు ఓపిగ్గా విడమరిచాడు. పాతబళ్ళలో ధరంతా ఒరిజినల్‌కే. ఛాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు ఆర్‌సీలో ఉన్నట్టే బండిలోనూ ఉండాలి. 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే యాభయ్యేళ్ళు నిండడంతో సరిపోదు, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. జరగకపోతే 20,000 రూపాయలు కట్టి, నెంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో పదేళ్ళకి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవచ్చు. అప్పుడు కూడా ర్యాలీలకీ, ప్రదర్శనలకీ తప్ప రోజువారీ తిరగడానికి గాని, అద్దెకి గాని పనికిరాదు.

"అంటే పెళ్ళిళ్ళకి ఇవ్వకూడదా?" ఈయన గుండె అక్కడ కలుక్కుమంది.

అసలైన చిక్కు ఆర్‌సీ బుక్కు తెరిచాక బయటపడింది. బండి ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. ఆయన పోయింది 1991లో. యజమాని పోతే బండి చేతికొచ్చిన వారసుడు మూడు నెలల్లోగా ఫారం 31 మీద దరఖాస్తు పెట్టుకోవాలి. మనవాడి తండ్రి పెట్టలేదు, తండ్రి పోయాక ఈయనా పెట్టలేదు. ఇప్పుడు సంతకాలు కావాలంటే ఇద్దరు మేనత్తలు, డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు, విశాఖలో అక్కయ్య, పోయిన పెదనాన్నగారి తరఫున నలుగురు. ఇన్నేళ్ళూ షెడ్డు ఖర్చు ఎవరిదని అడగని బంధువర్గం, అమ్మకం మాట పొక్కగానే ఒక్కటైంది. డాలస్ తమ్ముడు వీడియో కాల్లో కన్నీళ్ళు పెట్టుకుని, "తాతయ్య గుర్తురా అన్నయ్యా, అమ్మొద్దు. ఇంతకీ ఎంతకడిగారు?" అన్నాడు. పెద్ద మేనత్తకి వాటా వద్దట, రబ్బరు బుడ్డి హారన్ ఇస్తే చాలట.

ఇంతమంది అడ్డం పడ్డందుకు ఈయన కుంగిపోయాడనుకుంటున్నారా? లేదు. మొహంలో కొత్త కళ వచ్చింది. నన్నడిగితే ఆయనకి కొనేవాడితో పనిలేదు, అడిగేవాడుంటే చాలు. కిందటి ఏడాది భీమవరం నుంచి రొయ్యల వ్యాపారి ఒకాయన వచ్చి, చెప్పిన ధరకి బేరమే ఆడకుండా "సరేనండీ, బయానా తీసుకోండి" అన్నాడు. లప్పం చూడలేదు, ఇంజన్ చూడలేదు. హోటలు ముందు పెట్టుకోవడానికట. ఈయనకి చెమటలు పట్టాయి. మంచి రోజు కాదన్నాడు, అత్తయ్యనడగాలన్నాడు, చివరికి కారుకి నలతగా ఉందన్నాడు. ఆ వ్యాపారి వెళ్ళాక రెండ్రోజులు అన్నం సయించలేదు. ఒప్పేసుకున్నాడంటే తక్కువ చెప్పామన్నమాటేగా! మూడోరోజు ధర మీద రెండు లక్షలు పెంచి, తేలికపడి, పెరుగన్నం తిన్నాడు.

కుర్రాడి మాట మాత్రం లోపల పనిచేసింది. ఒరిజినల్ ఇంజన్ దొరికితే చాలు, ధర ఆకాశానికి పోతుందని నమ్మకం కుదిరింది. పిఠాపురం అవతల ఒక పల్లెలో ఇంకో ల్యాండ్‌మాస్టర్ ఉందని తెలిసి నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. అక్కడా డాబా, రేకుల షెడ్డు, టార్పాలిన్. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచి, జేబులోంచి అయస్కాంతం తీశాడు. ఎప్పుడు కొన్నాడో నాకు తెలియదు.

"లప్పమే ఉందండీ అంతా. దీనికి వింటేజీ గింటేజీ ధరలు రావు. పాత ఇనుం కిలో లెక్కన మాట్లాడుకుందాం."

అవతలి పెద్దమనిషి కోప్పడలేదు. కుర్చీ చూపించి, లోపలికి రెండు కాఫీలు కేకేసి, కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో ఏదో వెతికాడు.

"ముందిది చదవండి. జర్మనీలోనండీ, 1955 మోడలు..."