నాలోంచి చూడండి

నేనొక గాజు పలకని. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు. భిలాయ్‌లోని సుపేలాలో జీ.ఈ. రోడ్డు మీద అద్దాలు కోసే ఒక కొట్లో గోడకి చేరబడి ఉంటే, డ్రాయింగ్ మాస్టారు వచ్చి నన్ను ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు. గీతలూ బుడగలూ లేవని తేల్చుకుని అంచులు సానబట్టించారు. వడ్రంగి చేత చట్రం కట్టించి, కాళ్లు పెట్టించి, నాకు ముప్పై సెంటీమీటర్ల ఎదురుగా ఒక ఇనపకడ్డీ నిలబెట్టించారు. కడ్డీ కొసన చిల్లుపెట్టిన అట్టముక్క ఉంటుంది. ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను ఆ చిల్లుకి ఆనించి, అవతల కనిపించేదాన్ని నా మీద మార్కరుతో గీయాలి. కిటికీకి పోవలసినదాన్ని బడికి చేరాను.

నా పని కొత్తదేం కాదు. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బ్రూనెల్లెస్కి ఆరువందల ఏళ్ల కిందట ఒక పలక మీద బొమ్మ గీసి, ఆ పలకకే చిల్లు పెట్టి, వెనకనుంచి అద్దంలో చూపించి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. 1435లో ఆల్బెర్టీ బొమ్మని తెరిచిన కిటికీతో పోల్చి, కంటికి కనిపించినట్టు గీసే ఈ విద్యకి శాస్త్రం రాశాడు. గాజు మీద గీసి నేర్చుకోమని లియొనార్డో తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. 1525లో డ్యూరర్ అచ్చువేసిన పుస్తకంలో నాలాంటి గాజు మీద మనిషి బొమ్మ గీస్తున్న చిత్రకారుడున్నాడు. ఆ గాజుకీ నాకూ తేడా పెద్దగా లేదు.

మాస్టారిది పార్వతీపురం వైపు కుటుంబం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనికి ఉత్తరాంధ్ర నుంచి ఎందరో వచ్చారు. వాళ్లలో మాస్టారి తండ్రి ఒకరు. క్లాసులో హిందీ మాట్లాడే మాస్టారు తెలుగు పిల్లలు దగ్గరికొస్తే మాత్రం వాళ్లింటి తెలుగులోకి దిగిపోతారు.

మొదట నన్ను బడి వరండా చివర నిలబెట్టారు. మూడేసి మీటర్ల ఎత్తు స్తంభాలు, మూడేసి మీటర్ల ఎడం. చిల్లు దగ్గర కన్ను పెట్టిన అమ్మాయి గబగబా గీసింది, తర్వాత స్కేలు తీసి కొలిచింది. మొదటి స్తంభం నా మీద 30 సెంటీమీటర్లు పడింది. రెండోది 15. ఆ లెక్కన మూడోది కనపడకుండా పోవాలి కదా! కానీ 10 ఉంది. నాలుగోది ఏడున్నర.

"తప్పొచ్చేసినాది సార్," అంది.

"తప్పేటి లేదమ్మా. కంటికీ స్తంభానికీ ఎంత దూరమో అడుగులేసి చూడు."

అమ్మాయి నడిచింది. మూడు మీటర్లు, ఆరు, తొమ్మిది, పన్నెండు. దూరం రెట్టింపైతే ఎత్తు సగం, మూడు రెట్లైతే మూడో వంతు, నాలుగైతే నాలుగో వంతు. తనంతట తనే పట్టుకుంది. మాస్టారు దాన్ని బోర్డు మీద సూత్రంగా రాసింది ఆ తర్వాతే, ముందు కాదు. ఈ విద్య చెప్పే పద్ధతి ఇదేనని నేను నమ్ముతాను. బోర్డు మీద ఒక చుక్క పెట్టి, దాన్నుంచి గీతలు లాగి, ఇదే వానిషింగ్ పాయింట్ అని చెబితే పిల్లలు కాపీ కొడతారు. ఆ చుక్క అక్కడెందుకుందో చాలామందికి ఎప్పటికీ తెలియదు.

స్తంభాల మధ్య ఎడం ఎంతెంత తగ్గించాలో కొలతలేకుండా తేల్చే చిట్కా కూడా ఆ రోజే చెప్పారు. మొదటి స్తంభం తలనుంచి రెండో స్తంభం సరిగ్గా నడిమి మీదుగా గీత లాగాలి. అది నేలగీతని తాకిన చోటే మూడో స్తంభం పాదం. పిల్లలు గీసి, నా మీది గుర్తులతో సరిపోల్చి, సరిపోయేసరికి కేకలు పెట్టారు.

మరోసారి స్టేషన్ వంతెన మీదికి తీసుకెళ్లారు. కింద హౌరా-ముంబై లైను. ఒకబ్బాయి నాన్న కర్మాగారంలో రైల్ మిల్ కార్మికుడు. అక్కడ 260 మీటర్ల పొడవైన పట్టాల ప్యానెళ్లు తయారవుతాయి. ఆ అబ్బాయి చిల్లులోంచి చూసి నొచ్చుకున్నాడు. "మా నాన్నోళ్లు చేసిన పట్టా వంకరుండదు సార్. మరి దీంట్లో కలిసిపోతున్నాయేటి?"

మాస్టారు మెచ్చుకున్నారు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, ఎక్కడైనా అంతే. పది మీటర్ల దూరంలో ఆ వెడల్పు నా మీద అయిదు సెంటీమీటర్లు. వంద మీటర్ల దగ్గర అయిదు మిల్లీమీటర్లు. కిలోమీటరు దగ్గర అర మిల్లీమీటరు, అంటే మార్కరు గీత కంటే సన్నం. పట్టాలు కలవలేదు, గీసే కలం మందంలో దూరిపోయాయి. "మీ నాన్న పనిలో లోపం లేదురా," అన్నారు. అబ్బాయి ముఖం విప్పారింది.

అదే చోట ఇంకో సంగతి. వంతెన మీద గీసిన గీతలు తుడవకుండా నన్ను ప్లాట్‌ఫారం మీదికి దించి మళ్లీ గీయించారు. పైనుంచి గీసినప్పుడు పట్టాలు నా మీద దిగంతం నుంచి బాగా కిందిదాకా పరుచుకున్నాయి. కిందికొచ్చాక అవే పట్టాలు దిగంతం దగ్గరకు అణగిపోయాయి. కానీ దిగంతం రెండుసార్లూ గీసేవాళ్ల కంటి ఎత్తులోనే ఉంది. చిల్లు వదిలి నిలబడి చూస్తే పొట్టి పిల్లాడికి పొట్టి ఎత్తున, పొడుగు పిల్లకి పొడుగు ఎత్తున. ఒకే లోకానికి ఎవరి దిగంతం వాళ్లకి ఉంటుందని తెలిసినప్పుడు పదమూడేళ్ల పిల్లలు చూసుకునే చూపు చూడాలి.

అలాగని కంటికి కనిపించినట్టు గీయడమే గొప్ప అని మాస్టారు ఎన్నడూ అనలేదు. ఒక పాప బొమ్మలో అమ్మ ఇంటికంటే పెద్దగా ఉంటే దిద్దలేదు. లేపాక్షి గుడి పైకప్పు మీది బొమ్మలో వీరభద్రుడు మహాకాయుడు, ఆయన పాదాల దగ్గర ఆ గుడి కట్టించిన విరుపణ్ణ చిన్నవాడు. అక్కడ కొలత దూరాన్ని బట్టి కాదు, గౌరవాన్ని బట్టి. ఏ కొలతతో గీస్తున్నావో తెలిసి గీయి, అన్నారంతే.

తర్వాత వీధులు. కర్మాగారం టౌన్‌షిప్ సెక్టార్లలో రోడ్లు ప్లాను ప్రకారం తిన్నగా వేసినవి, ఇళ్లు వరసగా ఉంటాయి. అక్కడ గీతలు కలిసే బిందువులు, అంటే వానిషింగ్ పాయింట్లు, ఒకటో రెండో చాలు. సుపేలా సందుల్లో అలా కుదరదు. ప్రతి ఇల్లూ తన దిక్కుకి తను తిరిగి ఉంటుంది, ప్రతిదానికీ వేరే బిందువులు. పిల్లలు మొదట బెంబేలెత్తారు. కానీ గోడలు ఎటు తిరిగినా, నేలకి సమంగా పోయే గీతలన్నీ ఒకే దిగంతం మీద చేరతాయి. బజారులో వాలుగా కట్టిన టార్పాలిన్లు, ఏటవాలు రేకులు మాత్రం దాని పైనో కిందో కలుస్తాయి. ఆ బజారు సందు గీయగలిగిన పిల్లకి సెక్టారు రోడ్డు ఒక లెక్క కాదు. అందుకే ఈ పాఠానికి సుపేలా అంత మంచి చోటు నాకు తెలియదు.

మొన్న ఆ రైల్ మిల్ కార్మికుడి కొడుకే ఎత్తైన పొగగొట్టాన్ని దగ్గరనుంచి గీస్తానన్నాడు. తలెత్తి చూస్తే నిలువు గీతలు కూడా పైకి దగ్గరవుతున్నాయని గమనించాడు. నన్ను నిటారుగా నిలబెడితే అవి నా మీద సమాంతరంగానే పడతాయి. నేను ముందుకి, కడ్డీ వైపు వాలితేనే పైన కలుస్తాయి, అప్పుడే మూడో బిందువు దొరుకుతుంది. ఈ చట్రంతో అది వీలుపడదు. శనివారం వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లి మడతబందులు వేయిస్తామని మాస్టారు వాడికి మాటిచ్చారు.