పరుగెత్తి పాలు తాగాలని...

మలేసియాలో అడవిదారి పరుగులతో నాలుగు రింగిట్లు వెనకేద్దామనుకుంటున్నారా? ముందు ఎంట్రీ ఫీజు కట్టండి. ఆపై బురదలో జారని బూట్లు, తలకు లైటు, వీపుకు నీళ్ల సంచి, ఆఖరికి ఈల కూడా మీరే కొనుక్కోవాలి. మోకాళ్లు అరగదీసుకుంటే దక్కేది పతకం, టీషర్టు (సైజు సరిపోతే!).

మన తాతలూ ఇక్కడి రబ్బరు తోటల్లో తెల్లారకముందే తలకు దీపం కట్టుకుని చెట్టు నుంచి చెట్టుకు ఉరుకులు పెట్టినవాళ్లే. అత్తెసరైనా కూలి ముట్టేది. మనవళ్లు ఎదురు డబ్బిచ్చి మరీ ఉరుకుతున్నారు!

సబా రాష్ట్రంలో 4,095 మీటర్ల కినబాలు కొండ మీద 1987లోనే క్లైంబథాన్ అనే కొండ పరుగు పందెం మొదలైంది. గెలిచినవాళ్లకు బహుమతులు సరే, ఆ కొండ మీద నికరమైన రాబడి మాత్రం యాత్రికుల మూటలు మోసే పోర్టర్లది. కిలోకింత అని కూలి. వాళ్లకు స్టాప్‌వాచీతో పనిలేదు, కాటా సరిగ్గా తూగితే చాలు.