మొద్దు పెట్టి నడిపించే సర్కార్లు

బోధన్ దగ్గరి ఎడపల్లి దాటాక చెరుకు లోడుతో పోతున్న ట్రాలీకి కమాన్ పట్టీ విరిగిందనుకోండి. డ్రైవర్ చక్రాల కింద రాళ్లు పెడతాడు. వెనకాల రోడ్డు మీద నాలుగు తుమ్మకొమ్మలు పడేస్తాడు. ప్రమాద హెచ్చరిక బోర్డంటే మన దగ్గర అదే. జాకీతో లేపి, ఇరుసు మీద ఓ మొద్దు దూర్చి, గొలుసుతో బిగిస్తాడు. గంటలో బండి ఓ పక్కకు ఒరిగి కదులుతుంది. రాళ్లు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి, చీకట్లో వచ్చే బైకువాడి కోసం. మనం వీడియో తీసి ‘మనోడి తెలివి’ అని మురిసిపోతాం.

ఆ ట్రాలీ బోధన్ వదిలి కామారెడ్డి ఫ్యాక్టరీ దాకా ఎందుకు పోతోందో ఎవరూ అడగరు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేకనా? అక్కడి శక్కర్‌నగర్‌లోనే ఉంది! 1937లో నిజాం జమానాలో మొదలై, ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. తర్వాత దాని రిపేరుకు మేస్త్రీలు వరస కట్టారు. 2002లో గద్దె మీదున్నాయన 51 శాతం ప్రైవేటు చేతిలో పెట్టి, బాగైపోయిందన్నాడు. 2014లో వచ్చినాయన వంద రోజుల్లో సర్కారు చేతికి తెస్తానన్నాడు. ఆయన ఏలుబడిలోనే, 2015 డిసెంబరులో, కార్మికులకు లేఆఫ్ నోటీసు అంటించి మూసేశారు. 2023 ఎన్నికల్లో తెరుస్తామన్నవాళ్లు 2024 జనవరిలో కమిటీ వేశారు. డ్రైవర్‌కు పాపం ఈ విద్య తెలియదు. తెలిస్తే మొద్దుకు బదులు కమిటీనే దూర్చేవాడు.

నరికిన చెరుకుకు నివేదికలు చదివే ఓపిక లేదు. ఇరవై నాలుగు గంటల్లో గానుగ పట్టకపోతే బరువు తగ్గుతుంది, చక్కెర శాతం పడిపోతుంది. దారిలో ఆరిపోయిన ఆ బరువు కాటా మీద రైతు లెక్కలోంచే పోతుంది. ఏ మేస్త్రీ జీతంలోంచీ పోదు. అందుకే బోధన్ చుట్టుపక్కల చాలామంది చెరుకు మాని వరిలోకి దిగారు. ఇక రేపు చెరుకే లేదు, ఫ్యాక్టరీ ఎందుకని అడిగే తెలివైనవాళ్లూ వస్తారు, చూస్తుండండి.

వచ్చే ఎన్నికల్లో శక్కర్‌నగర్ గేటు ముందు దండలేసుకునే నాయకులకు ఒకటే మనవి. సారూ, ఈసారి సైరన్ల కారు వద్దు. సీజన్‌లో, అర్ధరాత్రి, వెనక లైటు లేని చెరుకు లోడు మీద కూర్చుని కామారెడ్డి దాకా ఒక్క ట్రిప్పు వెళ్లిరండి. హామీ గురించి తర్వాత మాట్లాడుకుందాం.